మంచు మీద రాయి



మనకు తెలిసిన ఆటలు చాలా ఉన్నాయి. కబడ్డీ, ఖోఖో, తొక్కుడు బిళ్ళ, గోళీలాట. ఈ పాఠంలో మనం ఎన్నడూ ఆడని ఒక ఆట గురించి చదువుదాం. ఆ ఆటలో ఒక బరువైన రాయి ఉంటుంది. ఊడ్చడానికి ఒక బ్రష్షు ఉంటుంది. నేలంతా మంచుగడ్డే ఉంటుంది. ఆ ఆట పేరు కర్లింగ్.

ఆ ఆటలో పేరు తెచ్చుకున్న ఒక ఆడమనిషి గురించి కూడా చదువుదాం. ఆమె పేరు క్రిస్టిన్ స్కాస్లియన్. పేరు కొత్తగా ఉంది కదా? తొందరపడకండి. కూడబలుక్కుని చదవండి. క్రి-స్టిన్. స్కా-స్లి-యన్. రెండు మూడుసార్లు చదివితే నోరు తిరుగుతుంది.

2018వ సంవత్సరంలో ఆమెకు రావలసిన పతకం వేరేవాళ్ళ చేతికి పోయింది. ఆట ముగిసిన పదకొండు రోజులకు అది తిరిగి ఆమె దగ్గరికి వచ్చింది. ఎందుకు పోయింది? ఎలా వచ్చింది? చదివి తెలుసుకుందాం.

ఆమె దేశం

క్రిస్టిన్‌ది నార్వే దేశం. అది ఐరోపా ఖండంలో ఉత్తరపు కొసన ఉంది. దాని రాజధాని ఓస్లో. దేశం మొత్తం జనాభా సుమారు 55 లక్షలు. అది చాలా చలి దేశం. చలికాలంలో కొండలూ పొలాలూ మంచుతో తెల్లగా కప్పుకుపోతాయి. ఉత్తరాన ఉన్న ఊళ్ళలో చలికాలంలో కొన్ని వారాలపాటు సూర్యుడు కనిపించడు. ఎండాకాలంలో కొన్ని వారాలు సూర్యుడు అస్తమించడు.

అలాంటి చోట మంచు మీద ఆడే ఆటలు ఎక్కువ. కర్లింగ్ అందులో ఒకటి. ఈ ఆట పుట్టింది మాత్రం నార్వేలో కాదు, స్కాట్లాండులో. కొన్ని వందల ఏళ్ళ కిందట అక్కడి జనం గడ్డకట్టిన చెరువుల మీద రాళ్ళు జార్చి ఆడేవారు. ఇప్పుడు పెద్ద భవనాల లోపల మంచు నేల తయారుచేసి ఆడుతున్నారు.

ఆట ఎలా ఆడతారు?

మంచు నేల పొడవు సుమారు 150 అడుగులు. వెడల్పు సుమారు 16 అడుగులు. అంటే సన్నని పొడుగాటి దారి అన్నమాట. దారికి రెండు కొసల్లోనూ మంచులో రంగు వలయాలు ఉంటాయి. ఒక వలయంలో ఇంకొక వలయం, దానిలో మరొకటి. గుండ్రటి ముగ్గులాగా ఉంటుంది. అన్నిటికంటే పెద్ద వలయం ఈ అంచు నుంచి ఆ అంచుకు 12 అడుగులు. ఆటగాళ్ళు దాన్ని "ఇల్లు" అంటారు. రాయిని ఇంటికి చేర్చాలి. ఇంటి నడిబొడ్డుకు ఎంత దగ్గరగా చేరిస్తే అంత మంచిది.

రాయి బరువు సుమారు 20 కిలోలు. గుండ్రంగా, నున్నగా ఉంటుంది. పైన పట్టుకోవడానికి పిడి ఉంటుంది. స్కాట్లాండు పక్కన సముద్రంలో ఐల్సా క్రెయిగ్ అనే చిన్న దీవి ఉంది. ఒలింపిక్స్‌లో వాడే రాళ్ళు ఆ దీవిలో దొరికే నల్లరాయితో చేసినవే. ఆ రాయి గట్టిది. నీళ్ళు పీల్చుకోదు. ఒకదానికొకటి తగిలినా తొందరగా పగలదు.

రాయిని ఎత్తి విసరరు. ఆడేమనిషి ఒక మోకాలు వంచి, మంచు మీద జారుతూ ముందుకు వెళుతుంది. చేతిలోని రాయిని మెల్లగా తిప్పి వదిలిపెడుతుంది. రాయి తిరుగుతూ, వంపు తీసుకుంటూ పోతుంది.

మరి బ్రష్షు ఎందుకు? అదే ఈ ఆటలో గమ్మత్తు. ఆటకు ముందు మంచు మీద సన్నని నీటి చుక్కలు చల్లుతారు. అవి గడ్డకట్టి చిన్న చిన్న బొడిపెలు అవుతాయి. రాయి ఆ బొడిపెల మీద జారుతుంది. రాయి ముందు మంచును బ్రష్షుతో గట్టిగా రుద్దితే అక్కడ కొంచెం వేడి పుడుతుంది. మంచు ఇంకా నున్నగా జారుతుంది. అప్పుడు రాయి మరికొన్ని అడుగులు ఎక్కువ పోతుంది. దాని వంపు కూడా తగ్గుతుంది. ఎక్కడ రుద్దాలో, ఎప్పుడు ఆపాలో తెలియాలి. దానికి బలమూ కావాలి, లెక్కా కావాలి.

ఎదుటివాళ్ళ రాయి ఇంటిలో ఉంటే దాన్ని మన రాయితో కొట్టి బయటికి నెట్టవచ్చు. గోళీని గోళీతో కొట్టినట్టే. రాళ్ళన్నీ వేయడం అయ్యాక చూస్తారు. నడిబొడ్డుకు ఎవరి రాయి దగ్గరగా ఉందో వాళ్ళకే పాయింట్లు. ఎదుటివాళ్ళ అన్నిటికంటే దగ్గరి రాయిని దాటి, లోపల మన రాళ్ళు ఎన్ని ఉంటే అన్ని పాయింట్లు.

ఆడా మగా కలిసి ఆడే ఆట

మామూలు కర్లింగ్‌లో జట్టుకు నలుగురు ఆడతారు. ఆడవాళ్ళ జట్లు వేరు, మగవాళ్ళ జట్లు వేరు. ఇంకొక రకం కూడా ఉంది. అందులో జట్టుకు ఇద్దరే. ఒకరు ఆడ, ఒకరు మగ. దీన్ని మిక్స్‌డ్ డబుల్స్ అంటారు. మనం జంట ఆట అందాం.

జంట ఆటలో ఎనిమిది విడతలు ఉంటాయి. ఒక్కో విడతలో ఒక్కో జంట ఐదు రాళ్ళు వేస్తుంది. ఒకరు మొదటి రాయీ, చివరి రాయీ వేస్తారు. రెండోవాళ్ళు మధ్యలోని మూడు రాళ్ళు వేస్తారు. ఆడవాళ్ళకు తేలిక రాయి, మగవాళ్ళకు బరువు రాయి అని ఉండదు. ఇద్దరిదీ ఒకటే రాయి. ఒకటే మంచు. ఒకటే లెక్క. రాయి వేసినామె కూడా లేచి పరుగెత్తి రుద్దవలసిందే.

క్రిస్టిన్ 1986లో పుట్టింది. ఆమె నలుగురి జట్టులోనూ ఆడింది. నార్వే ఆడవాళ్ళ జట్టుకు నాయకురాలుగానూ ఉంది. కానీ ప్రపంచానికి ఆమె పేరు తెలిసింది జంట ఆటతోనే. ఆమె జంట ఆటగాడి పేరు మాగ్నస్ నెద్రెగోటెన్. వాళ్ళిద్దరూ ఇంట్లో కూడా జంటే. 2015లో రష్యాలోని సోచి నగరంలో ప్రపంచ పోటీలు జరిగాయి. అక్కడ వాళ్ళు మూడో స్థానంలో నిలిచి కంచు పతకం తెచ్చుకున్నారు.

ఆమెకు ముందు నడిచినామె

క్రిస్టిన్ కంటే ముందే నార్వే ఆడవాళ్ళు ఈ ఆటలో గొప్పగా ఆడారు. దోర్ది నార్బీ అనే ఆమె నాయకురాలుగా నార్వే జట్టు 1990లో ప్రపంచ విజేత అయింది. 1991లో మళ్ళీ అయింది. వరసగా రెండేళ్ళు!

కానీ ఒలింపిక్స్ సంగతి వేరు. 1998లో కర్లింగ్ ఒలింపిక్స్‌లో శాశ్వతంగా చేరింది. ఆడవాళ్ళకూ పోటీ పెట్టారు. దోర్ది జట్టు 1998లో ఆడింది. 2002లో ఆడింది. 2006లో ఆడింది. మూడుసార్లూ పతకం రాలేదు. 2006లో నాలుగో స్థానం దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకొక్క ఆట గెలిచి ఉంటే కంచు పతకం వచ్చేది.

నార్వే మగవాళ్ళ జట్టు మాత్రం 2002లో బంగారు పతకం, 2010లో వెండి పతకం గెలిచింది. ఆడవాళ్ళ ఎదురుచూపు అలాగే ఉండిపోయింది.

కొరియాలో ఏం జరిగింది?

2018 ఫిబ్రవరిలో దక్షిణ కొరియాలోని ప్యోంగ్‌చాంగ్‌లో శీతాకాలపు ఒలింపిక్స్ జరిగాయి. జంట ఆటను ఒలింపిక్స్‌లో పెట్టడం అదే మొదటిసారి. ఎనిమిది దేశాల జంటలు వచ్చాయి. నార్వే తరఫున క్రిస్టిన్, మాగ్నస్ వచ్చారు.

మొదట్లోనే వాళ్ళు కెనడా జంటను 9-6 తేడాతో ఓడించారు. కెనడా సామాన్యమైన జట్టు కాదు. చివరికి బంగారు పతకం గెలిచింది వాళ్ళే. అయితే నార్వే జంట మిగతా ఆటల్లో కొన్ని గెలిచింది, కొన్ని ఓడింది. చైనా జంటతో సమానంగా నిలిచింది. అప్పుడు ఆ రెండు జంటలకూ ఇంకొక ఆట పెట్టారు. అందులో నార్వే 9-7తో గెలిచి ముందుకు పోయింది.

తరువాతి ఆటలో మళ్ళీ కెనడా ఎదురైంది. ఈసారి నార్వే 8-4 తేడాతో ఓడింది. ఇక మిగిలింది కంచు పతకం ఆట. ఫిబ్రవరి 13న రష్యా జంటతో ఆ ఆట జరిగింది. రష్యా జంట అనస్తాసియా బ్రిజ్గలోవా, అలెగ్జాండర్ క్రుషెల్‌నిట్‌స్కీ. వాళ్ళు భార్యాభర్తలు. ఆ ఆటలోనూ నార్వే 8-4తో ఓడింది.

నాలుగో స్థానం. దోర్దికి 2006లో దక్కిన స్థానమే. క్రిస్టిన్, మాగ్నస్ ఎదుటివాళ్ళతో చేతులు కలిపారు. ఈ ఆటలో అది ఆచారం. ఆట మొదట్లో చేతులు కలుపుతారు, చివర్లో కలుపుతారు. కదిలే రాయికి పొరపాటున తన బ్రష్షు తగిలితే ఎవరూ చూడకపోయినా తానే చెప్పాలి. అది కూడా ఈ ఆటలో మర్యాద. ఓడిన జంట సామాను సర్దుకుని ఇంటికి బయలుదేరింది.

రెండు సీసాలు

ఒలింపిక్స్‌లో గెలిచినవాళ్ళకు పరీక్షలు చేస్తారు. ఎందుకు? కొన్ని మందులు వేసుకుంటే ఒంటికి లేని శక్తి వస్తుంది. తొందరగా అలసట రాదు. అలా ఆడితే మందు వేసుకోని వాళ్ళకు అన్యాయం జరుగుతుంది. ఆటగాళ్ళ ఆరోగ్యానికీ చెరుపు జరగవచ్చు. అందుకే వాడకూడని మందుల పట్టిక ఒకటి రాసి పెట్టారు. ఆ పట్టిక ప్రపంచమంతటికీ ఒకటే.

ఆటగాళ్ళ మూత్రం తీసుకుని రెండు సీసాల్లో పోసి ముద్ర వేస్తారు. మొదటి సీసా పరీక్షిస్తారు. దానిలో మందు కనిపిస్తే వెంటనే శిక్ష వేయరు. పొరపాటు జరిగిందేమో అని రెండో సీసా కూడా తెరిచి చూడవచ్చు. రెండింటిలోనూ ఉంటే ఖాయం చేస్తారు.

క్రుషెల్‌నిట్‌స్కీ విషయంలో రెండు సీసాల్లోనూ మెల్డోనియం అనే మందు కనిపించింది. అది గుండె జబ్బుకు వాడే మందు. 2016 జనవరి 1 నుంచి క్రీడాకారులు దాన్ని వాడకూడదని నియమం ఉంది. తాను తెలిసి వాడలేదని ఆయన చెప్పాడు. కానీ ఒంట్లో మందు ఉన్నమాట నిజం. ఫిబ్రవరి 22న క్రీడల న్యాయస్థానం ఆ ఫలితాన్ని రద్దు చేసింది. పతకం వెనక్కి తీసుకున్నారు. ఆయన భార్య పరీక్షలో ఏ మందూ లేదు. అయినా ఆమె పతకమూ పోయింది. జంట ఆటలో గెలుపు ఇద్దరిదీ కదా. రద్దు కూడా ఇద్దరిదీ అయింది. 2018 డిసెంబరులో అదే న్యాయస్థానం క్రుషెల్‌నిట్‌స్కీని నాలుగేళ్ళపాటు ఆటకు దూరం పెట్టింది.

నాలుగో స్థానంలో ఉన్న నార్వే జంట మూడో స్థానానికి వచ్చింది. ఇంటికి చేరిన క్రిస్టిన్, మాగ్నస్ మళ్ళీ విమానం ఎక్కి కొరియా వచ్చారు. ఫిబ్రవరి 24న కంచు పతకాలు అందుకున్నారు. మరునాడే ఆ ఒలింపిక్స్ ముగిశాయి. ఎన్నో ఏళ్ళుగా నార్వే ఆడవాళ్ళు ఎదురుచూసిన పతకం క్రిస్టిన్ మెడలో పడింది.

పతకం వచ్చింది, మరి ఆ రోజు?

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచిద్దాం. పతకం వచ్చింది. అంతా సరిపోయిందా?

గెలిచిన రోజున ఆట స్థలంలో జనం చప్పట్లు కొడతారు. ఆటగాళ్ళు ఒకరినొకరు హత్తుకుంటారు. ఆ రోజు క్రిస్టిన్, మాగ్నస్ తలవంచుకుని బయటికి నడిచారు. ఆ రోజు తిరిగి రాదు. తమకు దక్కవలసిన ఆనంద సమయం పోయిందని మాగ్నస్ విలేకరులతో బాధపడ్డాడు. ఇలా పతకం రావడం విచారం కూడా కలిగిస్తుందని అన్నాడు. ఆ మాట నిజమే. ఆలస్యంగా వచ్చిన న్యాయం పోయినదంతా తెచ్చి ఇవ్వదు.

అయినా అసలు న్యాయం ఎలా జరిగింది? వాళ్ళు గొడవ పడలేదు. ఎవరి కాళ్ళూ పట్టుకోలేదు. నియమం ముందే కాగితం మీద రాసి ఉంది. ఏ మందు వాడకూడదో రాసి ఉంది. పరీక్ష ఎలా చేయాలో రాసి ఉంది. పతకం రద్దయితే తరువాతివాళ్ళకు ఎలా ఇవ్వాలో రాసి ఉంది. రష్యా పెద్ద దేశం. నార్వే చిన్న దేశం. కానీ రాసి ఉన్న నియమం ఇద్దరికీ ఒకటే. రాసి ఉన్నదాన్ని చదివి, ఆ ప్రకారం నడిపించే వాళ్ళు ఉన్నారు కాబట్టి ఎవరిది వాళ్ళకు చేరింది.

మన ఊళ్ళో కూడా అంతే కదా. రేషన్ ఎంత ఇవ్వాలో, కూలి ఎంత ఇవ్వాలో, పొదుపు సంఘంలో వడ్డీ ఎంతో, అన్నీ రాసి ఉంటాయి. రాసి ఉన్నది చదవగలిగిన మనిషిని మోసం చేయడం కష్టం.

మళ్ళీ మంచు మీదికి

కంచు పతకం తీసుకుని క్రిస్టిన్ ఆట మానేయలేదు. తాము మంచు మీదే గెలవగలమని చూపించాలి కదా.

2021లో స్కాట్లాండులోని అబర్డీన్ నగరంలో జంటల ప్రపంచ పోటీలు జరిగాయి. క్రిస్టిన్, మాగ్నస్ చివరి ఆట దాకా వచ్చారు. ఆ ఆటలో స్కాట్లాండు జంట జెనిఫర్ డాడ్స్, బ్రూస్ మోవట్ చేతిలో 9-7తో ఓడారు. రెండో స్థానం, వెండి పతకం.

2022 ఫిబ్రవరిలో చైనా రాజధాని బీజింగ్‌లో మళ్ళీ ఒలింపిక్స్ వచ్చాయి. ముందు ఏడాది తమను ఓడించిన జెనిఫర్, బ్రూస్ జంటే ఇక్కడ బ్రిటన్ తరఫున ఆడింది. గెలిచినవాళ్ళు బంగారు పతకం ఆటకు పోతారు. ఆట చాలా బిగువుగా సాగింది. చివరికి నార్వే 6-5తో గెలిచింది. ఒక్క పాయింటు తేడా!

ఫిబ్రవరి 8న చివరి ఆట. ఎదుట ఇటలీ జంట స్టెఫానియా కాన్‌స్టాంటీని, అమోస్ మొసానర్. ఆ పోటీల్లో ఇటలీ జంట ఒక్క ఆట కూడా ఓడిపోలేదు. చివరి ఆట కూడా 8-5తో వాళ్ళే గెలిచారు. కర్లింగ్‌లో ఇటలీకి అదే మొదటి ఒలింపిక్ పతకం. నార్వే జంటకు వెండి పతకం వచ్చింది. ఈసారి వాళ్ళు ఇంటికి పోయి తిరిగి రావలసిన పని లేకపోయింది. అక్కడే, ఆ పోటీల్లోనే, తమ పతకం తాము అందుకున్నారు.

అంతటితో కూడా ఆగలేదు. 2023లో స్వీడన్‌లోని సాండ్‌వికెన్‌లో ఆడవాళ్ళ జట్ల ప్రపంచ పోటీలు జరిగాయి. నార్వే జట్టుకు మరియన్ రోర్విక్ నాయకురాలు. ప్రతి విడతలోనూ చివరి రాళ్ళు వేసే పని క్రిస్టిన్‌ది. చివరి రాయి అంటే చాలా బరువైన బాధ్యత. అందరి శ్రమా ఆ రాయి మీద ఆధారపడి ఉంటుంది. నార్వే ఆడవాళ్ళు చివరి ఆట దాకా వచ్చారు. స్విట్జర్లాండు చేతిలో 6-3తో ఓడి వెండి పతకం తెచ్చుకున్నారు.

క్రిస్టిన్ లెక్క చూడండి. 2015లో కంచు. 2018లో కంచు. 2021లో వెండి. 2022లో వెండి. 2023లో వెండి. ఈ అయిదింటిలో బంగారు పతకం ఒక్కటీ లేదు. అయినా ఆమె ఆట చిన్నది కాదు. ఓడిన ప్రతిసారీ చేయి కలిపింది. మళ్ళీ మంచు మీదికి వచ్చింది. ఆమె పతకాల మీద ఎవరూ వేలెత్తి చూపలేరు.

లెక్క చేద్దాం

1. 2018లో నార్వే కెనడాను 9-6తో ఓడించింది. ఎన్ని పాయింట్ల తేడా?

2. జంట ఆటలో ఒక విడతలో ఒక్కో జంట 5 రాళ్ళు వేస్తుంది. ఎనిమిది విడతల్లో ఒక జంట ఎన్ని రాళ్ళు వేస్తుంది? రెండు జంటలూ కలిపి ఎన్ని?

3. క్రిస్టిన్ 1986లో పుట్టింది. 2023లో వెండి పతకం గెలిచింది. ఆ ఏడాదికి ఆమెకు ఎన్నేళ్ళు నిండాయి?

కలిసి మాట్లాడుకుందాం

1. రష్యా జంటలో భర్త ఒంట్లో మందు ఉంది. భార్య ఒంట్లో లేదు. అయినా ఆమె పతకం పోయింది. ఇది న్యాయమేనా? కొందరు అవును అంటారు. కొందరు కాదు అంటారు. మీరేమంటారు? ఎందుకు?

2. ఎవరూ చూడకపోయినా తన తప్పు తానే చెప్పాలని ఈ ఆటలో మర్యాద ఉంది. ఇలాంటి మర్యాద మీ పనిలో, మీ సంఘంలో ఎక్కడ ఉంది?

3. మీకు రావలసింది ఆలస్యంగా వచ్చిన సందర్భం ఏదైనా ఉందా? ఆలస్యం వల్ల ఏమి పోయింది? ఏమి మిగిలింది?

ఈ పాఠాన్ని ఇంట్లో పిల్లలకు చదివి వినిపించండి. కొత్త పేర్లు వచ్చిన చోట ఆగండి. కూడబలుక్కోండి. మళ్ళీ చదవండి.